డ్రమటైజేషన్ – నాటకీకరణ: అర్థవిచారం, ప్రయోగ పరిశీలన

వ్యాససంగ్రహం:

'డ్రమటైజేషన్' అన్న ఆంగ్లపదానికి తెలుగు విమర్శలో నాటకీకరణ, అనుసరణ, రూపాంతరీకరణ, నాటకీయత అన్న మాటలు ఒకదానికి బదులు ఒకటిగా వాడుకలో ఉన్నాయి. దీనివల్ల వేర్వేరు సృజనవ్యాపారాలు ఒకే పేరు కింద కలిసిపోతున్నాయి. ఆంగ్లంలో ఆ పదం పొందిన అర్థవికాసాన్ని, తెలుగు పర్యాయాల వ్యుత్పత్తిని పరిశీలించి, వాటి మధ్య సరిహద్దులను నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం. భారతీయ నాట్యశాస్త్రకారులు చెప్పిన సూచ్య దృశ్య విభాగాన్ని ఆధారంగా చేసుకొని శకుంతలోపాఖ్యానం, పాండవోద్యోగంలోని పడక సీను, హరిశ్చంద్ర నాటకంలో చేరిన జాషువ పద్యాలు అన్న మూడు ఉదాహరణలను ఇందులో విశ్లేషించాను.

కీలకపదాలు: నాటకీకరణ, అనుసరణ, నాటకీయత, సూచ్యం, దృశ్యం, పద్యనాటకం, కథకుడు.

1. ప్రవేశిక:

కథ, నవల, పురాణఘట్టం వంటివి రంగస్థలం మీదికి వచ్చినప్పుడు వాటిపై జరిగే పరిశోధన తరచుగా ఒక పట్టికగా తయారవుతుంది. ఒకవైపు మూలంలోని సంఘటనలు, మరొకవైపు నాటకంలోని సంఘటనలు, వాటి పక్కన 'ఉంది', 'లేదు', 'మారింది' అన్న నిర్ధారణలు. చివరికి నాటకకర్త మూలానికి విధేయుడనో, స్వతంత్రుడనో ఒక తీర్పు. ఈ పద్ధతిలో సమాచారం పోగవుతుంది. కానీ నాటకకర్త చేసిన పని ఏమిటో తెలియదు. ఒక సంఘటనను ఏమాత్రం మార్చకుండానే నాటకకర్త దాని అర్థాన్ని మార్చగలడు. సంఘటనను పూర్తిగా మార్చి కూడా మూలం సారాన్ని నిలపగలడు. పట్టికలో ఈ రెండూ కనిపించవు.

ఈ లోపానికి ఒక ముఖ్యకారణం మన పరిభాషలో ఉంది. ఆంగ్ల విమర్శలోని 'అడాప్టేషన్', 'డ్రమటైజేషన్' అన్న రెండు మాటలను మనం దాదాపు సమానార్థకాలుగా స్వీకరించాం. రెండింటికీ 'అనుసరణ' అనే రాస్తున్నాం. అనుసరణ అన్న మాటలో 'వెంట నడవడం' ఉంది. వెంట నడిచినవాడిని చూసినప్పుడు సహజంగానే దారి తప్పాడా లేదా అని అడుగుతాం. అంటే మనం ఎంచుకున్న పదమే మన ప్రశ్నను ముందుగా నిర్ణయిస్తున్నది. అందువల్ల పదాన్ని సరిచూసుకోవడం పరిశోధనపద్ధతిని సరిచూసుకోవడమే అవుతుంది.

2. ఆంగ్లపదం: అర్థవికాసం:

'డ్రామా' గ్రీకుపదం. 'చేయడం' అన్న అర్థమిచ్చే ధాతువునుంచి పుట్టింది. చేతగా, క్రియగా కనిపించేది డ్రామా. ఆ పదానికి 'ఆ రూపంలోకి తేవడం' అన్న అర్థాన్నిచ్చే ప్రత్యయం చేరి 'డ్రమటైజ్' అన్న క్రియ ఏర్పడింది. 18వ శతాబ్ది చివరి భాగంలో ఇది ఆంగ్లంలో వాడుకకు వచ్చింది. నాటకం కాని రచనను రంగస్థలానికి అనువుగా నాటకరూపంలోకి తేవడం దాని తొలి అర్థం.

19వ శతాబ్దిలో ఈ మాటకు వ్యాపారపు వాసన కూడా అంటింది. నాటి ఇంగ్లండులో నవలను నాటకంగా ప్రదర్శించడానికి రచయిత అనుమతి అవసరమయ్యేది కాదు. చార్లెస్ డికెన్స్ 'నికొలస్ నికల్‌బీ' నవల ధారావాహికగా ఇంకా వెలువడుతూండగానే, 1838లో అది నాటకంగా లండన్ రంగస్థలం ఎక్కింది. దానికి డికెన్స్ అదే నవలలో జవాబిచ్చాడు. 247 నవలలను నాటకాలుగా మార్చిన ఒక సాహిత్యకారుణ్ణి అందులో పాత్రగా ప్రవేశపెట్టి, ఎగతాళి చేశాడు. నవల నాటకమయ్యే హక్కు రచయితకు బ్రిటిష్ చట్టంలో స్పష్టంగా దక్కింది 1911లో. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం సాహిత్యరచనను నాటకరచనగా మార్చడాన్ని 'అడాప్టేషన్' నిర్వచనంలో చేర్చింది. నాటకాన్ని నాటకేతర రచనగా మార్చడమూ ఆ నిర్వచనంలోనే ఉంది. అనువాదాన్ని మాత్రం వేరే హక్కుగా చూపింది. కాబట్టి చట్టం దృష్టిలోనూ డ్రమటైజేషన్ అడాప్టేషన్‌లో ఒక భాగం మాత్రమే. ఆ రెండూ ఒకటి కావు.

కాలక్రమంలో ఈ పదానికి మరో రెండు అర్థాలు చేరాయి. మొదటిది నవలావిమర్శకు సంబంధించినది. కథకుడు సంగ్రహంగా చెప్పుకుపోకుండా, పాత్రల మాటల ద్వారా, చేతల ద్వారా సన్నివేశాన్ని కళ్లకు కట్టించడాన్ని కూడా డ్రమటైజేషన్ అన్నారు. పెర్సీ లబ్బక్ 1921లో ప్రచురించిన 'ది క్రాఫ్ట్ ఆఫ్ ఫిక్షన్' ఈ చర్చకు ప్రసిద్ధమైన ఆధారం. ఇక్కడ నవల నవలగానే ఉంటుంది, నాటకం కాదు. రెండవది నిత్యవ్యవహారంలోని అర్థం: ఉన్నదాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చూపడం.

ఈ చివరి అర్థం తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక చిక్కు ఏర్పడుతుంది. 'నాటకాలాడకు', 'డ్రామాలు చేస్తున్నాడు' అని మనమూ అంటాం. కానీ ఆ మాటల్లో ఉన్నది కపటం, అంటే లేనిది ఉన్నట్లు నటించడం. ఆంగ్ల ప్రయోగంలో ఉన్నది అతిశయం, అంటే ఉన్నదాన్నే పెంచి చూపడం. దానికి మన దగ్గర 'గోరంతలు కొండంతలు చేయడం' అన్న పలుకుబడి ఉంది. అతిశయార్థంలో ఉన్న ఆంగ్లవాక్యాన్ని 'నాటకీకరించవద్దు' అని అనువదిస్తే తెలుగు పాఠకుడికి ఏ అర్థమూ అందదు. 'నాటకాలాడవద్దు' అని అనువదిస్తే ఆరోపణే మారిపోతుంది.

3. తెలుగు పర్యాయాలు: వ్యుత్పత్తి, పరిధి:

'నాటకీకరణ' సంస్కృత వ్యాకరణం ప్రకారం చ్వి ప్రత్యయంతో ఏర్పడిన రూపం. చ్వి ప్రత్యయానికి 'అభూతతద్భావం' అర్థం. అంతకుముందు అలా లేనిది అలా కావడమన్న మాట. సరళం కానిది సరళం కావడం సరళీకరణ, కొత్తది కానిది కొత్తది కావడం నవీకరణ. 'ప్రైవేటీకరణ' అన్న మాటను పుట్టించుకున్న తెలుగులో ఈ పద్ధతి నేటికీ సజీవంగా ఉందని వేరే చెప్పనక్కరలేదు. దీన్నిబట్టి నాటకీకరణ అంటే నాటకం కానిది నాటకం కావడం. ఈ నియమం పదంలోనే ఉంది. మూలం నాటకమే అయినప్పుడు ఈ మాట పొసగదు.

షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' ఆధారంగా కందుకూరి వీరేశలింగం 'చమత్కార రత్నావళి' రచించారు. షెరిడన్ 'ది రైవల్స్' ఆధారంగా 'కల్యాణ కల్పవల్లి' రచించారు. ఇవి నాటకంనుంచి పుట్టిన నాటకాలు. ఇక్కడ దేశం, భాష, ఆచారం, పేర్లు మారాయి. కథనరూపం దృశ్యరూపం కావడమన్నది జరగలేదు. వీటికి 'అనుసరణ' సరైన పేరు. అదే చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గణపతి' నవల ఆకాశవాణి నాటకమైనప్పుడు జరిగినది నాటకీకరణ. 'రేడియో అనుసరణ' అన్న మాట శ్రోతలకు ఎంత పరిచితమైనా, ఆ పనిలోని అసలు కష్టాన్ని అది చెప్పదు.

'నాటకీయత' వీటిలో దేనికీ పర్యాయం కాదు. అది గుణవాచకం. తిక్కన భారతరచనలో నాటకీయత ఉందని విమర్శకులు చెప్పినప్పుడు తిక్కన నాటకం రాశాడని వారి అభిప్రాయం కాదు. కావ్యరూపం అలాగే ఉండి అందులోకి నాటకగుణం వచ్చిందని అర్థం. లబ్బక్ నవలకు సంబంధించి చెప్పిన అర్థం ఇదే. ఈ పనికి ప్రత్యేకంగా పేరు కావాలనుకుంటే, 'జాతీయ' శబ్దంనుంచి జాతీయీకరణ వచ్చినట్లు, 'నాటకీయ' శబ్దంనుంచి 'నాటకీయీకరణ' అన్న రూపం సాధ్యమే. పలకడానికి బరువుగా ఉందనుకునేవారు 'నాటకీయతాకల్పన' అనవచ్చు. పేరు ఏదైనా, వస్తువును నాటకం చేయడం వేరు, కథనాన్ని నాటకీయం చేయడం వేరు అన్న వివేకం ముఖ్యం.

'అనుకరణ' అన్న మాటను అడాప్టేషన్‌కు వాడకపోవడమే మేలు. నాట్యమంటే అవస్థల అనుకరణమని ధనంజయుడు నిర్వచించడంతో ఆ పదానికి శాస్త్రంలో ఒక స్థానం ఏర్పడింది. లోకవ్యవహారంలో దానికి తక్కువతనం కూడా అంటుకుంది.

4. సూచ్యం, దృశ్యం:

నాటకీకరణ అంటే కథనాన్ని సంభాషణలుగా మార్చడమే అన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. అది సరికాదు. కథలోని మాటలన్నిటినీ కొటేషన్లలో పెట్టి, పక్కన పాత్రల పేర్లు రాసినంతమాత్రాన నాటకం కాదు. ఈ విషయంలో మన శాస్త్రం స్పష్టంగా ఉంది. ఇతివృత్తం మొత్తాన్ని రెండుగా విభజించాలని దశరూపకం చెబుతుంది. సూచించవలసినది ఒకటి, చూపవలసినది, వినిపించవలసినది మరొకటి. సూచించవలసిన దానికి విష్కంభం, ప్రవేశకం, చూళిక, అంకాస్యం, అంకావతారం అన్న 5 అర్థోపక్షేపకాలను కూడా ఏర్పరచింది. ప్రసిద్ధకథలో నాయకుడికి గానీ రసానికి గానీ విరుద్ధమైనది ఉంటే విడిచిపెట్టాలని, లేదా మరోవిధంగా కల్పించాలని అనుమతి కూడా ఇచ్చింది.

ఈ శాస్త్రవాక్యాలు సాధారణంగా నాటకలక్షణాల జాబితాలో ఒక అంశంగా మాత్రమే మన పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. నిజానికి ఇవి నాటకీకరణ సిద్ధాంతానికి మూలసూత్రాలు. కావ్యంలో కథకుడు అన్నిటినీ ఒకే గొంతుతో చెబుతాడు. నాటకంలో ఆ గొంతు ఉండదు. కథకుడి జ్ఞానాన్ని ఎవరికి పంచాలి, దేన్ని కళ్లముందు పెట్టాలి, దేన్ని తెర వెనుక ఉంచాలి అన్న నిర్ణయాల సమాహారమే నాటకీకరణ. సంభాషణలు ఆ నిర్ణయాల ఫలితం మాత్రమే. ఈ దృష్టితో మూడు ఉదాహరణలను చూద్దాం.

5. శకుంతల: తెర వెనుక ఉంచిన కారణం:

నన్నయ ఆదిపర్వంలోనూ, వ్యాసభారతంలోనూ దుష్యంతుడు శకుంతలను మరచిపోలేదు. ఎరిగి ఉండి, లోకాపవాదానికి వెరచి, ఎరుగనన్నాడు. ఆకాశవాణి పలికిన తరువాత అంగీకరించాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసశాపం, ఉంగరం వచ్చి చేరాయి. రాజు నిజంగానే మరచిపోయాడు. నాయకుడి గౌరవాన్ని కాపాడటానికి కాళిదాసు శాపాన్ని కల్పించాడన్న వివరణ ప్రసిద్ధమే. కుంతకుడు ప్రకరణవక్రతకు దీన్ని ఉదాహరణగా గ్రహించాడు. పట్టికపద్ధతి కూడా ఇంతవరకు చెప్పగలదు.

అయితే గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కథ మొత్తాన్ని తిప్పే ఈ శాపాన్ని కాళిదాసు రంగం మీద చూపలేదు. 4వ అంకానికి ముందున్న విష్కంభంలో, తెర వెనుకనుంచి ఒక గొంతుగా మాత్రమే వినిపించాడు. పూలు కోస్తున్న అనసూయ, ప్రియంవద విన్నారు. భర్తృచింతలో ఉన్న శకుంతల వినలేదు. చెలికత్తెలు ఆమెకు చెప్పలేదు. అంటే పెద్ద సంఘటన సూచ్యమైంది, దాని ఫలితం దృశ్యమైంది. 5వ అంకంలో రాజసభలో శకుంతల నిలబడినప్పుడు ఆమెకూ కారణం తెలియదు, రాజుకూ తెలియదు. తెలిసినవాడు ప్రేక్షకుడు ఒక్కడే. భారతంలో అదే సభలో దుష్యంతుడు అబద్ధమాడుతున్నాడు కాబట్టి శకుంతల వాదన న్యాయవాదన. నాటకంలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి అది కరుణ. రసాన్ని మార్చినది శాపం ఒక్కటే కాదు, శాపం ఎవరికి తెలుసు అన్న ఏర్పాటు. 'మూలంలో లేనిది చేర్చాడు' అన్న వాక్యం ఈ ఏర్పాటును పట్టుకోలేదు.

దీనికి మూల్యం కూడా ఉంది. రాజు అబద్ధాన్ని సభలో నిలదీసిన భారతశకుంతల, నాటకంలో శాపానికి గురైన శకుంతల అయింది. నాటకీకరణలో లాభమే ఉంటుందని, నష్టం ఉండదని భావించనక్కరలేదు. లాభనష్టాలు రెండూ ఒకే నిర్ణయంనుంచి వస్తాయని గుర్తిస్తే చాలు.

6. పడక సీను: ఆసనం చెప్పే కథ, పద్యం ఆపే కాలం:

తిరుపతి వేంకటకవులు భారతకథను పాండవజననంనుంచి పాండవాశ్వమేధం వరకు నాటకాలుగా రచించారు. వాటిలో పాండవోద్యోగ, పాండవవిజయాలకు వచ్చిన ప్రచారం అందరికీ తెలిసినదే. తిక్కన ఉద్యోగపర్వంలో ఇప్పటికే నాటకీయత ఉన్నప్పుడు ఈ కవులు చేసిన పని ఏమిటి అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. నాటకీయతకూ నాటకీకరణకూ తేడా చూడనివారు దీనికి జవాబు చెప్పలేరు. తిక్కన పాత్రలు ఎంత సహజంగా మాట్లాడినా, ఆ మాటలను జనమేజయుడికి చెబుతున్నవాడు వైశంపాయనుడు. నాటకంలో వైశంపాయనుడు లేడు.

రంగస్థలంవారు 'పడక సీను' అని పిలుచుకునే ఘట్టాన్నే తీసుకుందాం. కృష్ణుడు నిద్రిస్తున్నాడు. దుర్యోధనుడు ముందుగా వచ్చి తలవైపు ఆసనంలో కూర్చున్నాడు. తరువాత వచ్చిన అర్జునుడు పాదాలవైపు నిలిచాడు. కావ్యంలో ఇది కొన్ని మాటల్లో ముగిసే సమాచారం. చదివి ముందుకు సాగుతాం. రంగం మీద మాత్రం అది సాగిపోదు. తలవైపు ఒకరు, పాదాలవైపు ఒకరు, మధ్యలో కళ్లు మూసుకున్న కృష్ణుడు. ఈ అమరిక సన్నివేశం పొడవునా ప్రేక్షకుడి కళ్లముందే ఉంటుంది. దుర్యోధనుడి అభిమానాన్ని గురించి కథకుడు చెప్పవలసిన వ్యాఖ్యను ఆసనం చెబుతుంది. కృష్ణుడు ముందు ఎవరిని చూస్తాడో అతడు మేల్కొనకముందే ప్రేక్షకుడికి తెలుసు. కూర్చున్నవాడికి తెలియదు.

రెండవ అంశం కాలానికి సంబంధించినది. నవలను నాటకంగా మార్చడమంటే ప్రధానంగా కుదించడమేనన్న భావన ఆధునిక విమర్శలో బలంగా ఉంది. నాలుగు వందల పుటలు రెండు గంటల్లో ఇమడాలి కాబట్టి అది సహజమే. తెలుగు పద్యనాటకం దీనికి భిన్నంగా కూడా నడుస్తుంది. కుశలప్రశ్న వంటి చిన్నమాట పద్యమై, పద్యం రాగమై, రాగం ఆలాపనై విస్తరిస్తుంది. 'వన్స్ మోర్' వినిపిస్తే మళ్లీ మొదలవుతుంది. కథాకాలం ఆగిపోయి ప్రదర్శనకాలం పెరుగుతుంది. ఒకే రాత్రి ఒకే పాత్రను ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ వేర్వేరు నటులు ధరించే ఆచారం కూడా ఇక్కడినుంచే అర్థమవుతుంది. తరువాత ఏమి జరుగుతుందన్నది ప్రేక్షకుడికి ముందే తెలుసు. అతడు వచ్చింది అది ఎలా పలుకుతుందో వినడానికి. కుదింపును మాత్రమే ప్రమాణంగా పెట్టుకున్న సిద్ధాంతం ఈ నాటకాన్ని సాగదీతగా కొట్టివేస్తుంది. మన ఉదాహరణలనుంచి సిద్ధాంతాన్ని సవరించుకోవడం ఇక్కడ అవసరం.

7. జాషువ పద్యాలు: మాట మారకుండా నాటకీకరణ:

మూడవ ఉదాహరణలో ఒక్క అక్షరమైనా మారలేదు. గుఱ్ఱం జాషువ 'శ్మశానవాటి' ఖండిక నాటకం కోసం రాసినది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకపాఠంలో భాగమూ కాదు. నటులు ఆ పద్యాలను కాటిసీనులో హరిశ్చంద్రుడి నోట పాడటం మొదలై, అవి లేకుండా ఆ సీనును ఊహించలేని స్థితి వచ్చింది. ఇది రచయిత చేసిన నాటకీకరణ కాదు, రంగస్థలం చేసిన నాటకీకరణ. ఇందులో మారినది ఒక్కటే, మాట్లాడేవాడు.

ఆ ఒక్క మార్పు చిన్నది కాదు. ఖండికలో శ్మశానాన్ని చూస్తున్నవాడు కవి. రాజుకూ పేదకూ తేడా లేని, అంటరానితనానికి చోటు లేని నేలగా దాన్ని చూస్తున్న ఆ కవి, అంటరానితనాన్ని స్వయంగా అనుభవించినవాడు. సమానత్వం చావు తరువాతనే దొరుకుతున్నదన్న అధిక్షేపం ఆ చూపులో ఉంది. నాటకంలో అవే మాటలు సత్యం కోసం కాటికాపరి అయిన చక్రవర్తివి. అతడి దైన్యం పరీక్షాకాలం వరకే. తెర పడేలోగా దేవతలు వచ్చి రాజ్యాన్ని తిరిగి ఇస్తారు. కవికి శాశ్వతమైన సామాజిక సత్యం, రాజుకు తాత్కాలికమైన విధివిలాసం అయింది. అధిక్షేపం వైరాగ్యంగా వినిపించింది.

లాభాన్ని కూడా లెక్కించాలి. ఖండకావ్యం చదవని, అసలు చదువే రాని ప్రేక్షకుడిని ఈ పద్యాలు చేరాయి. ఒక దళితకవి ఛందస్సు ఊరి నడిబొడ్డున, తెల్లవారుజామున, చక్రవర్తి పాత్ర నోట మోగింది. అయితే ప్రేక్షకుడికి అవి హరిశ్చంద్రుడి మాటలు, నాటకం పేరుతో పలికే కర్త బలిజేపల్లి. 1957 చట్టంలోని 57వ సెక్షన్ తన రచనకు కర్తను తానేనని చెప్పుకునే హక్కును రచయితకు ఇచ్చింది. విమర్శకుడి బాధ్యత చట్టంకంటే ముందే మొదలవుతుంది. హరిశ్చంద్ర నాటకంపై పరిశోధన చేసేవారు ఈ పద్యాలను 'ప్రక్షిప్తాలు' అని ఒక్క మాటలో తోసిపుచ్చినా, కర్తపేరు లేకుండా నాటకగుణంగా మెచ్చుకున్నా, ఒకే తప్పు రెండువిధాలుగా జరిగినట్లే.

8. ముగింపు:

పై పరిశీలననుబట్టి పరిభాషకు సంబంధించి ఈ విభజనను ప్రతిపాదిస్తున్నాను. నాటకం కానిది నాటకమైతే నాటకీకరణ. నాటకం మరో దేశకాలాల నాటకమైతే అనుసరణ. రూపం మారకుండా కథనంలో నాటకగుణం వస్తే నాటకీయతాకల్పన. నిత్యవ్యవహారంలోని అర్థానికి అతిశయం. ఒకే రచనలో ఇవి కలిసి ఉండవచ్చు. విదేశీ నవలను తెలుగు నాటకంగా మలచినప్పుడు నాటకీకరణ, అనుసరణ రెండూ జరుగుతాయి. కలిసి ఉన్నాయన్న కారణంతో వాటిని ఒకే పేరుతో పిలవనక్కరలేదు.

విశ్లేషణకు సంబంధించి, 'మూలంలో ఉందా, లేదా' అన్న ప్రశ్నతో ఆగకుండా మరో నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఏది దృశ్యమైంది, ఏది సూచ్యమైంది? ప్రేక్షకుడికి తెలిసినది పాత్రకు తెలుసా? కథాకాలం ఎక్కడ కుదిరింది, ఎక్కడ విస్తరించింది? కథకుడి మాట, కవి మాట ఎవరి నోటికి చేరింది, చేరినప్పుడు ఏమి పోగొట్టుకుంది? ఈ నాలుగింటిలో మొదటిదానికి ఆధారం దశరూపకంలో ఉంది. రెండవది శాకుంతలం నేర్పినది. మూడవది పద్యనాటకం, నాల్గవది కాటిసీను నేర్పినవి.

ఈ ప్రశ్నలకు జవాబు ముద్రితపాఠంలో మాత్రమే దొరకదు. ఆసనం ఎటువైపు వేశారు, పద్యం ఎంతసేపు సాగింది, ఎవరి పద్యం ఎవరు పాడారు అన్నవి ప్రదర్శనలో ఉన్నాయి, నటుల జ్ఞాపకాల్లో ఉన్నాయి. పద్యనాటకంలో జీవితం గడిపిన తరం ఇంకా మన మధ్య ఉండగానే ఆ సమాచారాన్ని సేకరించవలసిన అవసరం ఉంది. నాటకీకరణపై వచ్చే పరిశోధన గ్రంథాలయంతో ముగియక, రంగస్థలం వరకు వెళ్లాలి.